శాకాహార ర్యాలీ ఎవరిని ఏం అడుగుతోంది?

ర్యాలీలో కరపత్రాలు పంచుతుంటే ఒకాయన ఆగారు. కాగితం తీసుకుని రెండువైపులా చదివి, "మీరు పాలు తాగుతారా?" అని అడిగారు. తాగుతానన్నాను. "మరి పాలు ఆగిపోయాక ఆ ఆవు ఎక్కడికి పోతుందో మీ కాగితంలో రాయలేదే?" అన్నారు. ఆయన గొంతులో వెటకారం లేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. నా చేతిలోని ప్లకార్డు మీద "మూగజీవాలను హింసించకండి" అని ఉంది. నా పక్కన నడుస్తున్న అమ్మాయి ప్లకార్డు మీద "శాకాహారులుగా మారండి" అని ఉంది. ఆ రెండూ ఒకటే మాట అనుకుని అప్పటిదాకా నడిచాను.

ఆ రెండూ ఒకటి కాదు. మొదటిది ఒక వ్యవస్థను ఆపమని అడుగుతుంది. రెండోది దారిన పోయే మనిషిని తన కంచం మార్చుకోమని అడుగుతుంది. మొదటిదానికి జవాబు చెప్పాల్సింది చట్టాలు చేసేవాళ్లు, పశువుల ఫారాలు నడిపేవాళ్లు, మాంసం కొనే పెద్ద కంపెనీలు. రెండోదానికి జవాబు ప్రతి మనిషి తన వంటింట్లో వెతుక్కోవాలి. ఒకే బ్యానర్ కింద ఈ రెండూ కలిసి నడుస్తాయి కాబట్టి చూసేవాళ్లకు తికమక. నడిచేవాళ్లకూ తికమకే, కాకపోతే మనం బయటపెట్టం.

ముందు మాటలు విడదీసుకుందాం. జంతు సంక్షేమం అంటే, మనిషి జంతువును వాడుకున్నా సరే, బతికున్నంతకాలం దానికి ఆకలి, నొప్పి, భయం లేకుండా చూడాలి, చంపాల్సివస్తే బాధ లేకుండా చంపాలి అనే ఆలోచన. జంతు హక్కులు అనేవాళ్లు ఇంకో అడుగు ముందుకేస్తారు. జంతువు మన అవసరాల కోసం పుట్టలేదు, దాన్ని వాడుకునే హక్కే మనకు లేదంటారు. శాకాహారం ఈ రెండింటిలో ఏదీ కాదు, అదొక ఆహార నిర్ణయం. దాని వెనక దయ ఉండొచ్చు, మతం ఉండొచ్చు, ఒంటికి పడకపోవడం ఉండొచ్చు, ఊరికే అలవాటూ ఉండొచ్చు. కాబట్టి మాంసం తింటూనే కోళ్ల బోనులకు వ్యతిరేకంగా నిజాయితీగా పోరాడే మనిషి ఉంటాడు. పుట్టినప్పటినుంచి మాంసం ముట్టకుండా, బరువు లాగలేక పడిపోయిన ఎద్దును కొట్టే మనిషీ ఉంటాడు.

ఈ తేడాలు మనం ఇప్పుడు పుట్టించినవి కావు. ఉద్యమం మొదలైన రోజుల్లోనే ఉన్నాయి. 1822లో రిచర్డ్ మార్టిన్ అనే ఎంపీ పట్టుదల వల్ల బ్రిటిష్ పార్లమెంటు పశువులను క్రూరంగా కొట్టడం నేరమని చట్టం చేసింది. రెండేళ్లకు, 1824లో, ఆ చట్టం అమలయ్యేలా చూడడానికి లండన్‌లో ఒక సంఘం పుట్టింది. తర్వాత రాచరిక గుర్తింపు పొంది ఆర్‌ఎస్‌పీసీఏ, అంటే జంతువులపై క్రూరత్వాన్ని నివారించే రాయల్ సొసైటీ, అయింది అదే. అందులో చేరినవాళ్లు దాదాపు అందరూ మాంసాహారులే. కానీ తొలి సభ్యుల్లో లూయిస్ గాంపర్ట్స్ అనే ఆయన ఉండేవాడు. మాంసం మాత్రమే కాదు, పాలు, గుడ్లు కూడా ముట్టేవాడు కాదు. గుర్రాన్ని బాధపెట్టినట్టే అని గుర్రపు బండి కూడా ఎక్కేవాడు కాదు. సంఘానికి కార్యదర్శిగా ఏళ్ల తరబడి పనిచేశాడు. తమది క్రైస్తవ సిద్ధాంతాల మీద నడిచే సంఘమని మిగతావాళ్లు తీర్మానించాక, యూదుడైన గాంపర్ట్స్ 1830ల మొదట్లో బయటికి వచ్చేసి, వేరే సంఘం పెట్టుకున్నాడు. జంతువుల కోసం అందరికన్నా ఎక్కువ వదులుకున్న మనిషికే ఆ సంఘంలో చోటు లేకపోయింది. ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు కష్టంగానే ఉంటుంది.

శాకాహార ఉద్యమం వేరే దారిలో వచ్చింది. 1847 సెప్టెంబరు 30న ఇంగ్లండ్‌లోని రామ్స్‌గేట్‌లో వెజిటేరియన్ సొసైటీ ఏర్పడింది. అంతకుముందు మాంసం లేని తిండిని అక్కడ పైథాగరస్ ఆహారం అనేవాళ్లు. దాదాపు వందేళ్ల తర్వాత అందులోనూ చీలిక వచ్చింది. పాలు కూడా మానేసిన కొందరు తమకోసం సొసైటీ పత్రికలో కొంత చోటు అడిగారు. సొసైటీ ఇవ్వలేదు. దాంతో డొనాల్డ్ వాట్సన్, మరికొందరు 1944 నవంబరులో విడిగా వీగన్ సొసైటీ పెట్టారు. జంతువుల నుంచి వచ్చేది ఏదీ తినని మనిషికి వీగన్ అనే మాట పుట్టింది అప్పుడే. అంటే ఆ రోజు నన్ను నిలదీసిన పాల ప్రశ్న ఉద్యమాన్ని ఒకసారి రెండుగా చీల్చిన ప్రశ్న.

అక్టోబరు మొదటి వారంలో ఇలాంటి ర్యాలీలు ఎక్కువగా కనిపించడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అక్టోబరు 1 ప్రపంచ శాకాహార దినం, 1977లో ఉత్తర అమెరికా శాకాహారుల సంఘం మొదలుపెట్టింది. అక్టోబరు 4 ప్రపంచ జంతు దినం, జంతువులను ప్రేమించిన అస్సీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సాధువు పండుగ రోజు. దాన్ని మొదట జరిపింది జర్మన్ రచయిత హైన్రిచ్ జిమ్మర్‌మాన్, 1925లో, బెర్లిన్‌లో. మూడు రోజుల తేడాతో వచ్చే ఈ రెండు రోజులకు పుట్టుకలో సంబంధం లేదు. ఒకే వారంలో పడ్డాయి కాబట్టి చాలాచోట్ల రెండింటికీ కలిపి ఒకే ర్యాలీ తీస్తారు.

పాల ప్రశ్నకు జవాబు

ఇప్పుడు ఆయన అడిగిన ప్రశ్నకు వద్దాం. ఏ ఆవైనా ఈనితేనే పాలిస్తుంది. పాలు అమ్ముకునే పెద్ద ఫారాల్లో దూడను పుట్టిన కొన్ని గంటల్లోనో రోజుల్లోనో తల్లి నుంచి వేరుచేయడం మామూలు పద్ధతి. ఆడదూడ రేపటి పాడి ఆవు. మగదూడ పాలివ్వదు కాబట్టి మాంసానికి పోతుంది, లేదా ముందే చనిపోతుంది. ఆవు ఇరవై ఏళ్లు బతకగలదు. కానీ పాల దిగుబడి తగ్గగానే, చాలావరకు ఐదారేళ్ల వయసులోనే, దాన్ని కబేళాకు పంపేస్తారు. పాల పరిశ్రమ, మాంసం పరిశ్రమ ఒకే పశువు జీవితంలోని రెండు భాగాలు.

గుడ్ల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. గుడ్ల కోసం పెంచే లేయర్ జాతిలో పుంజు పిల్ల గుడ్లు పెట్టదు. మాంసం కోసం పెంచే బ్రాయిలర్‌లా బరువూ పెరగదు. దాన్ని మేపితే నష్టమని పుట్టిన రోజే చంపేస్తారు. ప్రపంచం మొత్తం మీద ఏటా ఇలా చనిపోయే పిల్లలు దాదాపు 700 కోట్లని అంచనా. జర్మనీ 2022 నుంచి ఈ పద్ధతిని నిషేధించింది. గుడ్డులో ఉండగానే ఆడో మగో కనిపెట్టే యంత్రాలు వచ్చాక అది సాధ్యమైంది.

ఇదంతా చెప్పడం పాలు తాగే శాకాహారిని తప్పుపట్టడానికి కాదు. నేనూ ఆ వరుసలోనే ఉన్నాను. కానీ "శాకాహారంలో హింస లేదు" అని ప్లకార్డు మీద రాస్తే అది అబద్ధం. "మాంసం మానితే హింస తగ్గుతుంది" అన్నది నిజం. రెండు వాక్యాల మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తుంది. ఎదుటి మనిషి మనల్ని నమ్మడం, నమ్మకపోవడం ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

ఎంత తగ్గుతుందో తెలియాలంటే అంకెలు చూడాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచంలో ఏటా 8,000 కోట్లకు పైగా నేలమీది జంతువులను తిండి కోసం చంపుతున్నారు. అందులో నూటికి దాదాపు తొంభై కోళ్లే. బ్రాయిలర్ కోడి చాలాచోట్ల ఆరేడు వారాల వయసులోనే కోతకు వెళ్తుంది. అప్పటికి అది ఇంకా పిల్లే, కళ్లు చూస్తే తెలుస్తుంది. ఛాతీ కండ అంత త్వరగా పెరిగేలా జాతిని తయారుచేశారు కాబట్టి కాళ్లు ఆ బరువు మోయలేవు. చేపల సంగతైతే ఇంకో రకం అన్యాయం. వాటిని తలల లెక్కన కాదు, టన్నుల లెక్కన నమోదు చేస్తారు.

మన ర్యాలీల బొమ్మల్లో ఎక్కువగా కనిపించేది ఆవు, మేక, కుందేలు. కోడి మూలన ఎక్కడో ఉంటుంది, చేప ఉండనే ఉండదు. బాధపడే జీవాల సంఖ్యను బట్టి చూస్తే బ్యానర్ నిండా కోడి ఉండాలి.

ప్లకార్డు మీది కారణాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటే

సాధారణంగా ర్యాలీలో మూడు రకాల కారణాలు చెబుతారు. జీవకారుణ్యం, ఆరోగ్యం, పర్యావరణం. ఎన్ని కారణాలు చెబితే అంత బలం అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. జాగ్రత్తగా చూస్తే ఇవి ఒక్కోసారి ఒకదాని కాలు ఒకటి లాగుతాయి.

పర్యావరణం తీసుకోండి. భూమిని వేడెక్కించే వాయువుల్లో పశుపోషణ వల్ల వచ్చేవి, మనుషుల వల్ల వచ్చే మొత్తంలో 14.5 శాతమని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో చెప్పింది. 2023లో కొత్త పద్ధతిలో లెక్కవేసి దాదాపు 12 శాతం అంది. అందులో పెద్ద వాటా ఆవు, గేదె జాతి పశువులది, ఎందుకంటే నెమరు వేసే ఆ పశువుల కడుపులో మేత అరిగేటప్పుడు మీథేన్ అనే వాయువు వస్తుంది. ఈ లెక్క విన్న మనిషి ఏం చేస్తాడు? చాలాసార్లు గొడ్డుమాంసం తగ్గించి కోడిమాంసం పెంచుతాడు. భూమికి అది మేలే. కానీ ఒక పెద్ద పశువు ఇచ్చే మాంసానికి సాటిగా వందకు పైగా కోళ్లు కావాలి. అవి ఆ పశువుకన్నా ఇరుకులో, ఎక్కువ బాధలో పెరిగినవి. వాతావరణం కోసం చెప్పిన మాట విని ఒక మనిషి వంద జీవాలను ఎక్కువ తిన్నాడు. ఆ మనిషి తప్పు చేయలేదు, మనం చెప్పిందే చేశాడు.

భూమి లెక్క మాత్రం ఏ కారణంతోనూ పేచీ పెట్టుకోదు. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 119 దేశాల్లోని దాదాపు 38,700 వ్యవసాయ క్షేత్రాల వివరాలు కలిపి చూసింది. మాంసం, పాలు, గుడ్లు, పెంచిన చేపలు కలిసి వ్యవసాయ భూమిలో 83 శాతం వాడుకుంటున్నాయి, తిరిగి మనకిచ్చేది 18 శాతం కేలరీలు, 37 శాతం ప్రోటీన్. కోడికి, పందికి పెట్టే దాణా కూడా పొలంలో పండిందే కదా. "మొక్కలకు ప్రాణం లేదా?" అని అడిగేవాళ్లకు నా జవాబు కూడా ఇదే. మొక్కల మీద జాలి ఉన్నా, తక్కువ మొక్కలను చంపే దారి వాటిని నేరుగా తినడమే. అయితే ఆ 83 శాతంలో చాలా భాగం గడ్డి తప్ప ఇంకేమీ మొలవని నేల. అక్కడ పశువులను మేపుకుని బతికే మనుషులకు ఈ లెక్క చూపించి వేలెత్తి చూపడం న్యాయం కాదు.

ఇక ఆరోగ్యం. ఎక్కువ అబద్ధాలు ఇక్కడే దొర్లుతాయి, అదీ మంచి ఉద్దేశంతోనే. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కలిగించే వాటిలో మొదటి వర్గంలో పెట్టింది. సిగరెట్ కూడా ఆ వర్గంలోనే ఉంది. వెంటనే "మాంసం సిగరెట్ అంత ప్రమాదం" అనే ప్లకార్డులు వచ్చాయి. ఆ వర్గాలు చెప్పేది రుజువు ఎంత గట్టిగా ఉందో, ప్రమాదం ఎంత పెద్దదో కాదు. రోజూ 50 గ్రాముల ప్రాసెస్ చేసిన మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు తినని వాళ్లతో పోలిస్తే 18 శాతం పెరుగుతుందని వాళ్ల లెక్క. పొగ తాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇక తాజా ఎర్రమాంసాన్ని, అంటే గొడ్డు, మేక, పంది లాంటి మాంసాన్ని, "బహుశా క్యాన్సర్ కలిగించవచ్చు" అనే రెండో వర్గంలో పెట్టారు.

బీ12 విటమిన్ గురించి ఒక్క ముక్క రాయని శాకాహార కరపత్రం నా దృష్టిలో బాధ్యత లేని కరపత్రం. ఆ విటమిన్‌ను తయారుచేసేది బ్యాక్టీరియా. మనకది సహజంగా జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే నమ్మకంగా దొరుకుతుంది. పాలు తాగే శాకాహారుల్లోనూ లోపం వస్తుంది, వీగన్లకైతే బీ12 మాత్రో, అది కలిపిన ఆహారమో తప్పనిసరి. లోపం ముదిరితే రక్తహీనత, కాళ్లుచేతుల్లో తిమ్మిర్లు, మతిమరుపు. సరిగ్గా ప్లాన్ చేసుకుంటే శాకాహారం ఆరోగ్యకరమేనని అమెరికా పోషకాహార నిపుణుల సంఘం 2016లో చెప్పింది. మన కరపత్రాలు "ఆరోగ్యకరం" వరకూ తీసుకుని "సరిగ్గా ప్లాన్ చేసుకుంటే" అన్నది వదిలేస్తాయి. మన మాట నమ్మి మాంసం మానేసి, ఆరు నెలలకు నీరసంతో డాక్టరు దగ్గరికి వెళ్లిన మనిషి ఇక ఎప్పటికీ మన మాట వినడు.

వినకపోవడం ఎంత పెద్ద సమస్యో చూడండి. అమెరికాలో 2014లో 11 వేలకు పైగా మందిని అడిగి ఫానలిటిక్స్ అనే పరిశోధన సంస్థ చేసిన అధ్యయనంలో, ఒకప్పుడు శాకాహారం లేదా వీగన్ ఆహారం పట్టినవాళ్లలో 84 శాతం దాన్ని వదిలేశారని తేలింది. వదిలేసినవాళ్లలో మూడోవంతు మూడు నెలలకు మించి నిలవలేదు. ర్యాలీ రోజున "నేను మారతాను" అని చేతులెత్తిన వాళ్లను లెక్కపెట్టుకుని సంతోషపడతాం. మూడు నెలల తర్వాత వాళ్లకు ఫోన్ చేసి "ఎలా ఉన్నారు, వంట ఇబ్బందిగా ఉందా, ఇంట్లో గొడవలున్నాయా" అని అడిగే వాలంటీరు ఎక్కడా ఉండడు. నాకు తెలిసి ఉద్యమంలో అన్నిటికన్నా పెద్ద ఖాళీ ఇదే.

ఈ సంగతి గాంధీ చాలా ముందే గమనించారు. చదువుకోసం 1888లో లండన్ వెళ్లిన ఆయన అక్కడి శాకాహారుల సంఘంలో చేరి, కార్యవర్గ సభ్యుడయ్యారు. 1931లో మళ్లీ లండన్ వెళ్లినప్పుడు అదే సంఘం సభలో మాట్లాడారు. కేవలం ఆరోగ్యం కోసం మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా వెనక్కి పోతారని, గట్టిగా నిలబడాలంటే నైతికమైన పునాది కావాలని ఆయన మాటల సారాంశం. ఆ సభలోనే ఇతరుల పట్ల వినయం, సహనం ఉండాలనీ చెప్పారు.

ఆయన విద్యార్థి రోజుల సంఘటన ఇంకొకటి ఉంది. డాక్టర్ అల్లిన్సన్ అనే సభ్యుడు కృత్రిమ గర్భనిరోధానికి మద్దతిచ్చాడని సంఘం నుంచి తీసేయాలని ప్రతిపాదన వచ్చింది. గర్భనిరోధం విషయంలో గాంధీకి అల్లిన్సన్‌తో ఏకాభిప్రాయం లేదు. అయినా శాకాహార సంఘం పని శాకాహారం వరకే, వేరే నమ్మకాల కోసం మనిషిని వెళ్లగొట్టకూడదని వాదన రాసుకుని వెళ్లారు. లేచి చదవడానికి సిగ్గుపడితే వేరే ఒకరు చదివారు. ఓడిపోయారు కూడా. గాంపర్ట్స్ కథ పక్కన దీన్ని పెట్టి చూడండి. ర్యాలీలో నా పక్కన నడిచే మనిషి ఏ దేవుణ్ని మొక్కుతాడు, ఎవరికి ఓటేస్తాడు అని నేను అడగను. ఎందుకు అడగకూడదో నాకు నేర్పింది ఈ రెండు కథలే.

చూసేవాడి మనసులో ఏం జరుగుతుంది

జంతువులంటే ఇష్టమున్న మనిషే మాంసం తింటాడు. పరిశోధకులు దీనికి మాంసపు విరోధాభాస అని పేరు పెట్టారు. 2010లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో కొందరికి జీడిపప్పు, కొందరికి ఎండబెట్టిన గొడ్డుమాంసం తినడానికి ఇచ్చి, తర్వాత జంతువుల గురించి ప్రశ్నలు అడిగారు. మాంసం తిన్నవాళ్లు, ఏయే జంతువుల బాధను పట్టించుకోవాలి అన్న ప్రశ్నకు తక్కువ జంతువులను ఎంచుకున్నారు. ఆవుకు నైతికమైన విలువ తక్కువ అన్నారు. చేస్తున్న పనికీ మనసుకీ పొత్తు కుదరకపోతే మనిషి ముందు మార్చుకునేది పనిని కాదు, అభిప్రాయాన్ని.

ఇది తెలిస్తే నినాదాలు మారాలి. కబేళా ఫోటోలు పెద్దగా చేసి ఎత్తిపట్టుకుంటే కొందరు నిజంగా కదిలిపోతారు, నేనూ అలా కదిలినవాడినే. కానీ నేను చూసినంతలో ఎక్కువమంది తల తిప్పుకుంటారు, కొందరు పిల్లల కళ్లు మూస్తారు. చూడాలనుకున్నవాళ్లు వచ్చి చూసేలా ఒక పక్కన చిన్న టెంటులో వీడియో పెట్టడం నాకు మేలనిపిస్తుంది. ఎందుకంటే అక్కడికి నడిచి వచ్చిన మనిషి చూడడానికి సిద్ధపడి వచ్చాడు.

"మాంసం తినేవాళ్లు హంతకులు" అనే నినాదాన్ని నేను పలకను. అది వినబడేది ఎవరికి? కబేళాలో రోజంతా నిలబడి కత్తి పట్టే కూలీకి, చేపలు అమ్మి పిల్లల్ని చదివించే తల్లికి. చాలా దేశాల్లో కబేళా పని గాయాలు ఎక్కువయ్యే పని, వేరే పని దొరకని పేదలు, వలస వచ్చినవాళ్లు చేసే పని. జంతువుల బాధ మీద లాభం తీసేవాడు ఆ రోడ్డు పక్కన ఉండడు. ఇంకో సంగతీ ఉంది. శాకాహారాన్ని పుట్టుకతో వచ్చిన గొప్పదనంగా చూపించి, మాంసం తినేవాళ్లను నీచంగా చూసిన చరిత్ర మన ముందు ఉంది. ఆ అవమానం మోసినవాళ్లకు మన నినాదం జాలిగా వినిపించదు, పాత తిట్టులాగే వినిపిస్తుంది. దాన్ని వాళ్ల మొండితనం అనడం మన తప్పు. జంతువు మీద జాలి చూపించమని అడుగుతూ మనిషిని కించపరిస్తే, అడిగిన జాలి మన దగ్గరే లేదని వాళ్లకు తెలిసిపోతుంది.

నడిస్తే ఏమైనా మారుతుందా

మారుతుంది, కానీ ఆ సాయంత్రం కాదు. నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇంగ్లండ్‌లోని బ్రైట్లింగ్‌సీ. చిన్న రేవు ఊరు. 1995 జనవరిలో అక్కడి నుంచి గొర్రెలను, దూడలను బతికుండగానే ఓడల్లో యూరప్‌కు పంపడం మొదలైంది. లారీల చువ్వల సందుల్లోంచి ఆ జీవాల ముఖాలు కనిపించేసరికి ఊరి జనం రోడ్డు మీదికి వచ్చారు. ఎక్కువమందికి అంతకుముందు ఏ ఉద్యమంతోనూ సంబంధం లేదు. ముసలమ్మలు, తోపుడు బండ్లలో పసిపిల్లలతో తల్లులు. వాళ్లలో మాంసం తినేవాళ్లు చాలామంది. పది నెలలు నిలబడ్డారు, అక్టోబరు చివరికి ఆ రేవు నుంచి రవాణా ఆగింది. అదే ఏడాది ఫిబ్రవరి 1న కోవెంట్రీ విమానాశ్రయం దగ్గర దూడల లారీని ఆపబోయి జిల్ ఫిప్స్ అనే యువతి దాని చక్రాల కింద పడి చనిపోయింది. కోతకు, మేపుడుకు బతికున్న పశువులను గ్రేట్ బ్రిటన్ నుంచి ఎగుమతి చేయడాన్ని నిషేధించే చట్టం వచ్చింది మాత్రం 2024లో.

ఆ ఊరి జనం ఎవరినీ "మాంసం మానండి" అని అడగలేదు. ఒకే ఒక్క విషయం అడిగారు, అది ఎవరిని అడగాలో వాళ్లనే అడిగారు. అందుకే మాంసం తినేవాళ్లు కూడా వాళ్ల పక్కన నిలబడగలిగారు.

కరపత్రం వృథా అనుకునేవాళ్లకు నేను రూత్ హారిసన్ గురించి చెబుతాను. 1960ల మొదట్లో ఆమె ఇంటి తలుపు సందులోంచి జంతు హింసకు వ్యతిరేకంగా ఉన్న ఒక కరపత్రం లోపల పడింది. దూడలను కదలనివ్వని బోనుల గురించి, కోళ్ల బోనుల గురించి అందులో ఉంది. ఆమె వెళ్లి ఫారాలు చూసి, 1964లో ఒక పుస్తకం రాసింది. జనంలో కలకలం రేగి బ్రిటిష్ ప్రభుత్వం కమిటీ వేసింది. ఆ బ్రాంబెల్ కమిటీ 1965లో, పెంపుడు పశువుకు కనీసం లేవడానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లు చాపుకోవడానికి చోటుండాలని చెప్పింది. 1979లో అది అయిదు స్వేచ్ఛలుగా రూపం తీసుకుని ఇప్పుడు ప్రపంచమంతా వాడుకలో ఉంది. ఆకలి దప్పులు లేకపోవడం, అసౌకర్యం లేకపోవడం, నొప్పి, గాయం, జబ్బు లేకపోవడం, సహజంగా ప్రవర్తించగలగడం, భయం, బెంగ లేకపోవడం. 1999లో యూరోపియన్ యూనియన్ ఉత్తర్వు తెచ్చింది, దాని ప్రకారం 2012 జనవరి 1 నుంచి కోళ్లకు పాతరకం బ్యాటరీ బోనులు, అంటే వరసలుగా పేర్చిన ఇరుకు తీగ బోనులు, నిషేధం. ఆ బోనుల్లో ఒక్కో కోడికి కనీసంగా ఉండాల్సిన జాగా 550 చదరపు సెంటీమీటర్లు, మనం ప్రింట్ తీసుకునే ఏ4 కాగితం కన్నా తక్కువ.

కొత్త బోనులో వచ్చింది ఎంత? 750 చదరపు సెంటీమీటర్లు, ఒక కొమ్మ లాంటి కర్ర, గుడ్డు పెట్టుకోవడానికి ఒక మరుగు, కాళ్లతో గీరుకోవడానికి కాస్త పొట్టు. అంతే. దాన్ని కూడా తీసేయమని దాదాపు 14 లక్షల మంది యూరోపియన్లు సంతకాలు పెట్టారు. 2023 చివరికల్లా చట్టం ప్రతిపాదిస్తామని 2021లో యూరోపియన్ కమిషన్ మాటిచ్చింది. ఆ గడువు దాటిపోయింది. ఇలాంటి మాట తప్పినప్పుడు రోడ్డు మీదికి వచ్చి గుర్తుచేయడమే ర్యాలీ అసలు పని.

ర్యాలీ తీసేవాళ్లకు రెండు మూడు మాటలు. పోలీసు అనుమతి, అంబులెన్సుకు దారి, తాగునీళ్లు ఎలాగూ చూసుకుంటారు. జంతువులను మాత్రం వెంట తేవద్దు. డప్పులు, మైకులు, ఎండలో కాలే తారు రోడ్డు, వందల కాళ్లు, వాటికి అదంతా భయమే. వాటి కోసం నడుస్తూ వాటిని భయపెట్టడం మనకు తగదు. గాలిలోకి బెలూన్లు వదలొద్దు, అవి చివరికి పక్షుల, తాబేళ్ల కడుపుల్లోకి చేరతాయి. ఎవరైనా గొడవకు దిగితే మాట్లాడడానికి నెమ్మదైన మనిషిని ముందే ఒకరిని అనుకోండి, మిగతావాళ్లు నడుస్తూ పోవాలి.

మరుసటి ర్యాలీకి మా కరపత్రం మార్చాం. ఒకవైపు చదివేవాళ్ల కోసం. వారంలో ఒక రోజు మాంసం లేకుండా మొదలుపెట్టడం, కోడి సంగతి, పాల సంగతి దాచకుండా, బీ12 మాత్ర, ఇబ్బంది వస్తే మాట్లాడడానికి ఒక ఫోన్ నంబరు. ఇంకోవైపు కోళ్ల బోనులు నిషేధించమని ప్రభుత్వానికి విన్నపం, కింద సంతకానికి గీత. చాలామంది మొదటివైపు చూసి, "ఇది నావల్ల కాదమ్మా" అని నా పక్కనున్న అమ్మాయితో నవ్వేసి, కాగితం తిప్పి రెండోవైపు సంతకం పెట్టి ఇచ్చారు. ఒక్కటి కూడా పక్కన పెట్టకుండా అన్నీ కట్టగట్టి పంపాం.